ఆయిలింజను లెక్క

మా నాన్నకి చదువు రాదు. కానీ ఆయిలింజను చప్పుడు విని దానికి ఏం జబ్బు చేసిందో చెప్పేవాడు.

మేం యానాదులం. నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలకు కావలి అంటే ముందు మావాళ్ళే గుర్తుకొస్తారు. నేను పుట్టి పెరిగింది అలాంటి ఒక తోటలోని తాటాకు గుడిసెలోనే. ముందువైపు రసాలు, వెనక బంగినపల్లి, గట్టు వెంట కలెక్టరు కాయ చెట్లు. తోట మధ్యలో బావి, బావి ఒడ్డున రేకుల కింద 5 హెచ్‌పీ ఆయిలింజను. పెద్ద చెట్లు వానతోనే బతికేవి. కొత్తగా పెట్టిన అంట్లకూ, చెట్ల మధ్య వేసిన వంగ, బెండ సాళ్ళకూ మాత్రం నీళ్ళు పెట్టాలి. ఆ పని నాన్నది.

ఇంజను వెయ్యడం నాన్న నాకు పదేళ్ళకే నేర్పాడు. పైనున్న లీవరు ఎత్తి పట్టుకుంటే సిలిండర్లో గాలి బిగువు ఉండదు, హ్యాండిలు తేలిగ్గా తిరుగుతుంది. బలంగా తిప్పి, ఫ్లైవీలు వేగం అందుకోగానే లీవరు వదిలెయ్యాలి. ఆయన నాకు అన్నిటికంటే ముందు చెప్పింది బొటనవేలు సంగతి. బొటనవేలు హ్యాండిలుకి అటువైపు చుట్టకూడదు, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచాలి. ఇంజను వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. నాన్న కుడి బొటనవేలు ఇప్పటికీ వంకరే.

పొగని బట్టి కూడా చెప్పేవాడు. “నల్లపొగ వస్తే దానికి తిన్నది అరగట్లేదురా. నీలిపొగ వస్తే తన ఒంట్లో నూనె తనే తాగేస్తోంది. పొద్దున్నే కాసేపు తెల్లపొగ వస్తే చలి పట్టిందంతే, భయం లేదు.” చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాల్లో చదివితే ఇదే ఉంది. డీజిలు పూర్తిగా కాలకపోతే నలుపు, అరిగిన రింగుల సందుల్లోంచి ఇంజనాయిలు పైకెక్కి కాలితే నీలం, చల్లటి సిలిండర్లో కాలకుండా ఆవిరైన డీజిలైతే తెలుపు. మాటలు వేరు, సంగతి ఒకటే.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది వేసవిలో డీజిలు గొడవ వచ్చింది. ఆసామి నెలకి సరిపడా డీజిలు క్యాన్లలో తెచ్చి పడేసేవాడు. ఆ ఏడు నెల తిరక్కుండానే క్యాన్లు ఖాళీ అయిపోయాయి. ఒకరోజు పొద్దున్నే వచ్చి, గుడిసె ముందు నిలబడి, “ఏరా, ఎవరికి అమ్ముతున్నావు?” అన్నాడు. నాన్న తల వంచుకుని, “అమ్మలేదయ్యా, ఇంజనే తాగేస్తోందయ్యా” అన్నాడు. ఆసామి నవ్వాడు. ఆ నెల కూలిలో కోత పెట్టాడు. ఇంకోసారి ఇలా జరిగితే స్టేషన్లో చెబుతానన్నాడు.

స్టేషను అనే మాట మా గుడిసెలో ఎలా వినిపిస్తుందో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. తెల్లదొరల కాలంలో మా తెగలో కొందరిని నేరస్థ తెగల చట్టం కింద పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది. చట్టం పోయిన నలభై ఏళ్ళకి కూడా ఊళ్ళో కోడి పోతే ముందు మా గుడిసెలే వెతికేవారు. అమ్మ ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు.

సంగతి బళ్ళో మా హెడ్మాస్టరు గారికి చెప్పి ఏడ్చాను. ఆయన ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. సగం వాడిన నోటు పుస్తకం ఒకటి, తన పాత చేతి గడియారం ఒకటి ఇచ్చి, “ఇంజను ఎప్పుడు వేశారో, ఎప్పుడు ఆపారో, ఎంత పోశారో రాయి. ఇంకేం రాయకు” అన్నారు. నేను లీటరు కొలతతో నీళ్ళు పోసి చూసి ఒక కందికంప మీద లీటరుకొక గాటు పెట్టాను. అదే మా కొలబద్ద. మూడు వారాలు రాశాను. ఏ రోజు చూసినా గంటకి లీటరున్నర దగ్గరే తేలింది. గంట నడిచినా అంతే, నాలుగు గంటలు నడిచినా అంతే. దొంగతనం అయితే లెక్క ఇంత నిలకడగా ఉండదు కదా అని నాకు అప్పుడే తోచింది. ఆ మాట ఆసామితో అనే ధైర్యం మాత్రం లేదు.

పుస్తకం హెడ్మాస్టరు గారే ఆయనకి చూపించారు. ఆసామి వచ్చి, కుర్చీ వేయించుకుని, తన కళ్ళముందే లీటరున్నర పోయించి ఇంజను వేయమన్నాడు. గంటకి కాస్త అటూ ఇటూగా ఆగిపోయింది. గొట్టంలోంచి నల్లపొగ. అప్పుడు నూజివీడు నుంచి మెకానిక్కుని పిలిపించారు. ఆయన ఇంజెక్టరు విప్పి, నాజిలు అరిగిపోయిందని, డీజిలు తుంపరలా చిమ్మాల్సింది ధారలా కారుతోందని చెప్పాడు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో కరడు కట్టి ఉంది. నాజిలు మార్చి, ఫిల్టరు కడిగాక గంటకి లీటరు దాటలేదు.

కోసిన కూలి ఆసామి తిరిగి ఇవ్వలేదు. నాన్న అడగలేదు. కానీ ఆ తర్వాత డీజిలు తెచ్చిన ప్రతిసారీ “ఆ పుస్తకం తీసుకురా” అనేవాడు. పక్క తోటల కావలివాళ్ళు కూడా నన్ను పిలిచి తమ ఇంజన్లకి పుస్తకాలు రాయించుకున్నారు.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక మా వైపు ఆయిలింజన్లు మూలపడ్డాయి. నేను అప్పటికి అంగలూరు డైట్‌లో చదువు ముగించి టీచరునయ్యాను. ఇంజన్లతో నా పని అయిపోయిందనుకున్నాను.

అవ్వలేదు. ఇప్పుడు మా కాలనీ కుర్రాళ్ళ బతుకు తెరువులో సగం చిన్న ఇంజన్ల మీదే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామిడి పూత మీద తేనెమంచు పురుగుకీ, బూడిద తెగులుకీ మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రిపూట తోటల్లో కాయ సర్ది లారీలకి ఎక్కించేచోట లైట్లకి జనరేటర్లు. మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళు. నా ఈడువాళ్ళు పెళ్ళి ఊరేగింపుల్లో లైట్లు నెత్తిన పెట్టుకుని నడిచారు, నేనూ నడిచాను. జనరేటరు వెనక రిక్షా మీద వచ్చేది. వైరు ఎంత పొడవుంటే అంత దూరమే ముందుకు పోగలం. జనరేటరు ఆసామిది, వైరు ఆసామిది, మెడ నొప్పి మాది. అందుకే ఎనిమిదిమంది కుర్రాళ్ళు డబ్బులేసుకుని సొంతంగా జనరేటరు కొంటామంటే నాకు చాలా సంతోషమేసింది. బేరానికి నన్నూ తీసుకెళ్ళారు. అంత లెక్కల మాస్టర్నీ అక్కడ బోల్తా పడ్డాను.

స్టిక్కరు మీద పెద్ద అక్షరాలతో 3 కేవీఏ అని ఉంది. కొనేశాం. ఇంటికొచ్చాక పక్కన అతికించిన చిన్న రేకు చదివితే 3 అన్నది మాగ్జిమం, అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగింది. గంటల తరబడి ఇవ్వగలిగే రేటెడ్ 2.5 మాత్రమే. లైట్లకీ కాటాకీ సరిపోయింది కాబట్టి తప్పు అప్పుడు తెలియలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా కాలనీకి కరెంటు పోయింది. కాలనీ మొత్తానికి నీళ్ళిచ్చే బోరు ఒక్కటే, దానికి 1.5 హెచ్‌పీ మోటారు. జనరేటరు ఉంది కదా అని తగిలించాం. మోటారు మూలిగింది, జనరేటరు గొంతు పడిపోయింది, ఆగింది. మళ్ళీ వేశారు. రెండోసారి వోల్టేజిని అదుపు చేసే ఏవీఆర్ కాలిపోయింది. ఆడవాళ్ళు బిందెలతో నిలబడి చూస్తున్నారు.

తర్వాత ఆ లెక్క మా బడి బోర్డు మీద వేశాను. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఒకటిన్నర అంటే 1119. అది మోటారు చేసే పని మాత్రమే. ఆ పని చెయ్యడానికి అది లాక్కునేది 1600 దాకా ఉంటుంది. ఇక కదలకుండా ఉన్న మోటారు మొదట తిరగడానికి ఆ క్షణంలో దానికి మూడు నాలుగు రెట్లు లాగుతుంది. దానికి 5 కేవీఏకి తక్కువ జనరేటరు తగిలించకూడదు. పైగా మోటార్ల లెక్క దగ్గర కేవీఏని 0.8తో గుణిస్తేనే వాడుకోగలిగిన కిలోవాట్లు తెలుస్తాయి. లైటు పెట్టిందే తింటుంది, మోటారు ముందు గంపెడు మింగి తర్వాత బుద్ధిగా తింటుంది. జనరేటరు మీద చాలా వస్తువులుంటే మోటారుని ముందు వేసి, అది కుదురుకున్నాక లైట్లు వెయ్యాలనేది అందుకే. తమ్ముళ్ళూ, కొనబోయే ముందు ఏమేం తగిలిస్తారో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. దుకాణంలో స్టిక్కరు కాదు, రేకు చదవండి. విడి భాగాలు నూజివీడులోనో, విజయవాడలోనో దొరికే రకమేనా అని అడగండి. పదివేలు తక్కువకి వచ్చిన యంత్రం ఒక్క కార్బరేటరు దొరక్క సీజనంతా మూలన కూచోవడం చూశాను.

కార్బరేటరంటే గుర్తొచ్చింది. స్ప్రేయర్లు మూడు నెలలు పనిచేసి తొమ్మిది నెలలు పడుకుంటాయి. ఆ నిద్రలోనే పాడవుతాయి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురు కడుతుంది, కార్బరేటరు జెట్టులోని సన్నని రంధ్రం మూసుకుపోతుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. అందుకని సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడపాలి. రెండు నిమిషాల పని. భుజాన తగిలించుకునే టూ స్ట్రోకు స్ప్రేయర్లో పెట్రోలుతో పాటు ఆయిలు కలపాలి. ఎంత అన్నది యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. 50:1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. దీన్ని ఒకడు తెలియక ఫోర్ స్ట్రోకు ఇంజనుకి కలిపాడు, ఇంకొకడు టూ స్ట్రోకులో కలపడం మరిచి పిస్టను పట్టేయించాడు. ఇద్దరూ నా దగ్గర చదివినవాళ్ళే. నిష్పత్తులు నేనే చెప్పాను. పెట్రోలు సీసా పట్టుకుని చెప్పలేదు, అదీ నా తప్పు.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మేనల్లుడు రాయమన్నాడు.

ఆ ఏడాది మే నెలలో కాయ సర్దుతుంటే రాత్రి గాలివాన వచ్చింది. కుర్రాళ్ళు జనరేటరు తడుస్తుందని రేకుల షెడ్డు లోపలికి లాగి, జల్లు కొట్టకుండా తలుపుకి టార్పాలిను కట్టారు. ఫోన్లు చార్జింగు పెట్టి, ఇద్దరు అక్కడే పడుకున్నారు. లారీ డ్రైవరు తాగడానికి నీళ్ళ కోసం టార్పాలిను ఎత్తకపోతే తెల్లారేదాకా ఎవరికీ తెలిసేది కాదు. మేనల్లుడు వాంతి చేసుకుని దాంట్లోనే పడి ఉన్నాడు. రెండోవాడు లేపితే లేవలేదు. బయట వానలో పడుకోబెట్టి, అదే లారీలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆక్సిజన్ పెట్టారు. ఇద్దరూ బతికారు.

డాక్టరు గారు చెప్పింది నాకు గుర్తుంది. కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా నెత్తుటిని పట్టుకుంటుంది. తలనొప్పి, కడుపులో తిప్పడం వస్తే తిండి పడలేదనుకుంటాం, నిద్రలో ఉంటే ఏమీ అనుకోం. జనరేటరు ఎక్కడ పెట్టాలన్నదానికి మా కాలనీలో ఇప్పుడు కొలత ఉంది. తలుపులకీ కిటికీలకీ 20 అడుగుల అవతల, పొగగొట్టం మనుషుల వైపు కాకుండా. వాన వస్తే దాని మీదికి నాలుగు గుంజల పందిరి వెయ్యాలి, నాలుగు వైపులా తెరిచి ఉండాలి. కుదరకపోతే ఆపెయ్యాలి. కాయ పాడైతే పాడవుతుంది.

ఇంకొకటి, ఇది కూడా ప్రాణాల సంగతే. కరెంటు పోయినప్పుడు జనరేటరు వైరుని ఇంట్లో గోడ ప్లగ్గులోకి గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్ళున్నారు. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి వెళ్ళి, ట్రాన్స్‌ఫార్మరులో 11 వేల వోల్టులుగా మారి, లైను పోయిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని చంపుతుంది. మధ్యలో చేంజోవర్ స్విచ్చి లేకుండా ఇంటికి తగిలించొద్దు.

బుట్టాయగూడెం వైపు పనిచేసే టీచరు మిత్రులు, సోలారు ఉండగా ఈ పొగ గొడవ ఎందుకంటారు. లైట్లకీ ఫోన్లకీ నిజమే, సోలారే మేలు. మామిడి చెట్టు కొమ్మల దాకా మందు ఎగజిమ్మాలన్నా, ముసురులో మోటారు తిరగాలన్నా మా దగ్గర ఇంకా ఇంజనే గతి.

కుర్రాళ్ళ జనరేటరుకి ఇప్పుడు పుస్తకం ఉంది. రాసేది మేనల్లుడి చెల్లెలు, తొమ్మిదో తరగతి. మొదటి 20 గంటలకి ఇంజనాయిలు మార్చినట్టు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకి మార్చినట్టు తేదీలు ఉంటాయి. ఎయిర్ ఫిల్టరు 50 గంటలకి, దుమ్ము ఎక్కువైతే ముందే. ఆయిలు చూసేటప్పుడు యంత్రం చదునుగా ఉందా అని కూడా రాస్తుంది. వాలుగా పెట్టి చూస్తే పుల్ల అబద్ధం చెబుతుందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. మా బళ్ళో నాలుగో తరగతికి తీసివేతలు ఆ పుస్తకంలోంచే ఇస్తాను. లీటరుకి ఎన్ని గంటలు, పోయిన నెల ఎన్ని, ఈ నెల ఎన్ని, తేడా ఎంత. తేడా ఎక్కువ వస్తే పిల్లలే అడుగుతారు, ఏమైంది సార్ అని.

నాన్న ఇప్పుడు నాతోనే ఉంటున్నాడు. చూపు తగ్గింది. మొన్న సాయంత్రం కుర్రాళ్ళు తోటకి పోయే ముందు జనరేటరు వేసి చూస్తుంటే మంచం మీదినుంచే, “దాని గొంతు బిగుసుకుందిరా, గాలి అందట్లేదు” అన్నాడు. ఆ పిల్ల పుస్తకం తిరగేసింది. ఫిల్టరు కడిగి 46 గంటలైంది. ఇంకా నాలుగు గంటలుంది కదా తాతా అంది. “పుస్తకం పక్కన పెట్టి విప్పి చూడు” అన్నాడు నాన్న. విప్పితే లోపల ఎర్రమట్టి. దులిపి, స్పాంజి సబ్బునీళ్ళలో కడిగి ఆరేసి, పుస్తకంలో తేదీ వేసి, ఎదురుగా “తాత చెప్పాడు” అని రాసుకుంది.